భుజం మీద ఒక వేలు

ఫిబ్రవరి 9, సోమవారం

ఈ పుస్తకం అపాయింట్‌మెంట్లు రాసుకోవడానికి కొన్నది. పేజీ నిండా అరగంటకో గీత. ఇందులో నా గోడు రాసుకోవాల్సి వస్తుందని కొన్నప్పుడు అనుకోలేదు. రాయకపోతే మాత్రం నోరు జారి ఎవరికో ఒకరికి చెప్పేస్తాను.

నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాం. ఆవిడ ఈయనకు కార్డులు చూపించింది. ఒక్కో కార్డు మీద ఒక మొహం. కోపమా, భయమా, బాధా, సంతోషమా, ఏదో ఒకటి చెప్పాలి. ఈయన కాలు మీద కాలు వేసుకుని, పరీక్ష పెట్టేది తనే అన్నట్టు కూర్చున్నారు. నవ్వుతున్నవాణ్ణి చూసి సంతోషం అన్నారు, బాగానే ఉంది. కళ్లు ఇంతింత చేసుకుని, నోరు తెరిచి హడలిపోతున్న ఆడమనిషిని చూసి కూడా సంతోషమే అన్నారు.

"ఇంకోసారి చూడండి," అంది డాక్టరమ్మ.

"చూశానమ్మా. పళ్లు కనబడుతున్నాయి కదా, నవ్వుతోంది. పై వరసలో రెండోది కాస్త వంకర. క్లిప్పు వేయించుకుంటే సరిపోతుంది."

నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మ మొహం చూసి ఆపుకున్నాను.

ఇరవై నాలుగు కార్డుల్లో ఏడే సరిగ్గా చెప్పారు. ఆ ఏడూ నవ్వు మొహాలే. ఈయన్ని బయట కూర్చోబెట్టి డాక్టరమ్మ నాతో మాట్లాడింది. డిమెన్షియా అంది.

"ఈయనకి మతిమరుపేం లేదండీ," అన్నాను. "ఇరవై ఏళ్ల కిందట ఎవరికి ఏ పన్ను తీశారో కూడా చెప్తారు."

"మరుపు తర్వాత వస్తుందమ్మా. ఈ రకంలో ముందు పోయేది ఎదుటివాళ్ల మొహంలో, గొంతులో ఏముందో తెలుసుకోవడం. కోపం, భయం, బాధ ముందుగా పోతాయి. నవ్వు చివరిదాకా ఉంటుంది. ప్రాక్టీసు ఇంకా చేస్తున్నారా?"

"మానేశారండీ," అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. రేపు పదింటికి బస్సు డ్రైవరు పన్ను ఉంది.

ఫిబ్రవరి 10, మంగళవారం

డ్రైవరు పన్ను దివ్యంగా వచ్చింది. చేయి వణకలేదు. ఈయన చేతిలో ఏ తేడా లేదు.

ఫిబ్రవరి 12, గురువారం

పళ్ల డాక్టర్లందరూ పేషెంటు కుర్చీలో పడుకోగానే ఒక మాట చెప్తారు, నొప్పేస్తే చెయ్యెత్తమని. నోట్లో సామాను పెట్టాక మనిషి మాట్లాడలేడు కాబట్టి. ఇంటికి ఆనుకునే ఉన్న మా క్లినిక్‌లో ఆ మాట లేదు. ముప్పై మూడేళ్లుగా లేదు. "కుర్చీ చేతులు పట్టుకుని హాయిగా పడుకోండి. చెయ్యెత్తే పని లేదు. మీ మొహమే నాకు చెప్తుంది." ఇదీ ఈయన మాట. గొప్పలు పోవడం కాదు. నిజంగానే తెలిసేది. కనురెప్ప కొసన చిన్న ముడత పడితే చాలు, రెండు చేతులూ గాల్లోకి లేచేవి. "ఆపేశాను. తగ్గాక చెప్పండి," అనేవారు. ఎదుటివాళ్లు తగ్గిందనేదాకా ఆ చేతులు కిందికి దిగేవి కావు.

నాకెలా తెలుసంటే, నేనూ పేషెంటుగానే వచ్చాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. భయంతో బిగుసుకుపోయి పడుకున్నాను. నొప్పి ఇంకా నాదాకా రాకముందే ఈయన చేతులెత్తేసి, "ఆపేశాను. తగ్గాక చెప్పండి," అన్నారు. నాకేమీ నొప్పెయ్యలేదండీ అనబోయాను. అప్పుడు తెలిసింది నొప్పి. నాకంటే ముందు నా నొప్పి తెలిసినవాణ్ణి ఎలా వదులుకుంటాను? మూడు వారాల్లో పెళ్లి మాట నేనే అడిగేశాను. మా అమ్మ సిగ్గులేనిదానా అని తిట్టిపోసింది.

ఆ తర్వాత ఈ ఇంట్లో నేను ఒక్క అబద్ధం ఆడి బతికింది లేదు. గుమ్మంలో నన్ను చూడగానే "ఎవరేమన్నారు?" అనేవారు.

ఆఖరుసారి ఎప్పుడన్నారో గుర్తు తెచ్చుకుంటున్నాను. దొరకడం లేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఈ రోజు టైలరమ్మకు పన్ను తొలిచి సిమెంటు నింపాలి. నేను రోజూలాగే ఎడమ పక్కన నిలబడి ఉమ్మి లాగే గొట్టం పట్టుకున్నాను. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. కాళ్ల వేళ్లు ముడుచుకుపోయాయి. ఈయన ఆవిడ మొహంలోకే చూస్తూ డ్రిల్లు ఆపడం లేదు. ఏం చేయాలో తోచక వేలితో ఈయన ఎడమ భుజం మీద ఒక్కసారి తట్టాను.

చేతులు లేచాయి. "ఏంటోయ్?"

"ఆవిడకి నొప్పేస్తోంది."

ఈయన టైలరమ్మను చూశారు. బుగ్గలు పక్కకు లాగే ప్లాస్టిక్ ముక్క పెట్టి ఉంది కదా, పళ్లన్నీ బయటికి కనబడుతున్నాయి. "ఎంత చక్కగా నవ్వుతోంది," అన్నారు నాతో, మెల్లగా. అయినా అలవాటు మాట నోటికొచ్చింది. "ఆపేశాను. తగ్గాక చెప్పండి."

అప్పుడు బుర్రకెక్కింది నాకు. ఈ కుర్చీలో పడుకున్న ప్రతివాళ్లూ ఈయన కంటికి నవ్వుతూనే కనిపిస్తారు. నోరు తెరవకుండా పళ్ల డాక్టరు దగ్గర పనేముంది? అందుకే కాబోలు మొన్న, "ఈ మధ్య మన దగ్గరికి అందరూ ఎంత సంతోషంగా వస్తున్నారో," అన్నారు. నేను మురిసిపోయాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఇప్పుడు "ఏంటోయ్" అని కూడా అడగడం లేదు. వేలు తగలడం, చేతులు లేవడం, మాట అనడం. అంతా గడియారంలా జరిగిపోతోంది. నేను మొహం చూస్తాను, ఈయన పన్ను చూస్తారు. మనిషి ఒక్కరే అనుకుంటే సరి.

డాక్టరమ్మకు చెప్పాలి. ఇంకో నెల చూసి చెప్తాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఈ వారం పదకొండు మంది. ఒక్కరికీ తెలియలేదు. చేయి వణకడం లేదు.

మార్చి 1, ఆదివారం

అమ్మాయి వీడియో కాల్ చేసింది. మామూలుగా ఆదివారం ఫోన్లో ముందు మాట్లాడేది వాళ్ల నాన్నతోనే. పది నిమిషాలు ఈ మాటా ఆ మాటా చెప్పి, చివరికి అసలు సంగతి చెప్పింది. అల్లుడూ తనూ విడిపోతున్నారు. నాలుగు నెలలైందట వేరే గది తీసుకుని. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. చిన్నప్పట్నుంచీ అంతే, దానికి ఏడుపొస్తే నోరంతా తెరుచుకుంటుంది.

"చూడవోయ్, మన పిల్ల ఎంత నవ్వుతోందో," అన్నారు ఈయన. అని తనూ నవ్వారు. "మంచిదే తల్లీ. ఇలాగే సంతోషంగా ఉండు."

ఫోన్లో అమ్మాయి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. వాళ్ల నాన్నను అలా చూస్తూ ఉండిపోయింది.

"నెట్ సరిగా లేదే," అన్నాను నేను. "నాన్నకి నీ బొమ్మ ఆగిపోయింది, మాట కూడా సగం సగం వినబడుతోంది."

"సరేలే అమ్మా," అంది.

పెట్టేసింది. అది నమ్మలేదని నాకు తెలుసు. వాళ్ల నాన్న కావాలనే వెక్కిరించారనుకుంటుంది. ఏ మొహం పెట్టుకుని మళ్లీ ఫోన్ చెయ్యను? నిజం చెప్పేయొచ్చు. చెప్తే మర్నాడే వచ్చి క్లినిక్‌కు తాళం వేసేస్తుంది. దాని సంసారమే కూలిపోతూ ఉంటే ఇదొకటా. దాని మంచికే చెప్పడం లేదు.

మార్చి 5, గురువారం

నాకు పన్ను నొప్పి. కింద, కుడివైపు, వెనకది. నాలుగు రోజులుగా ఒక పక్కనే నములుతున్నాను. ఎదురుగా కూర్చుని తింటున్న పళ్ల డాక్టరుకు కనబడలేదు. లవంగ నూనె దూదితో పెట్టుకున్నాను.

మార్చి 8, ఆదివారం

అమ్మాయి ఫోన్ చేయలేదు.

మార్చి 11, బుధవారం

సిగ్గులేని పని చేశాను. ఈయన వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉంటే ఎదురుగా నిలబడి మొహం మాడ్చుకున్నాను. చూసి ఊరుకున్నారు. కళ్లెర్రజేసి పళ్లు కొరికాను. "ఏంటోయ్, ఇవాళ మంచి హుషారు మీదున్నావు," అన్నారు. మొహం చేతుల్లో పెట్టుకుని ఏడవబోయాను, తీరా చూస్తే నిజంగానే ఏడుపొచ్చేసింది. నవ్వాపుకోవడానికి అవస్థ పడుతున్నాననుకున్నారు. "చెప్పు, నేనూ నవ్వుతాను," అన్నారు.

గిన్నె మీది మూత తీసి గోడకేసి కొట్టాను. ఈయన లేచి దాన్ని తీసుకొచ్చి, తుడిచి, గిన్నె మీద సరిగ్గా పెట్టి, చిన్న సొట్ట పడిందని చెప్పారు.

కోపం వచ్చిందని నోటితో చెప్పాను. "ఎవరికి?" అన్నారు. నాకేనండీ అన్నాను. "నీకా? నీ మొహం చూస్తే అలా లేదే," అన్నారు పాపం, ఎంతో మర్యాదగా. ఈ మనిషి మీద కోపగించుకోవడానికి కూడా లేకుండా పోయింది నాకు.

మార్చి 18, బుధవారం

లెక్కల టీచరు వచ్చింది. తొమ్మిదేళ్లుగా మా దగ్గరికే వస్తోంది. పై దవడలో వెనక పన్ను. లోపలి నరందాకా తొలవాలి. నేనే మందు సిరంజిలోకి తీసి ఇచ్చాను, ఈయన మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, పది నిమిషాలు ఆగాం. ఈయన డ్రిల్లు తీసుకున్నారు.

ముందు గదిలో నా ఫోన్ మోగింది. అమ్మాయిది. పదిహేడు రోజుల తర్వాత.

"ఒక్క నిమిషమండీ, నేనొచ్చేదాకా మొదలుపెట్టకండి," అన్నాను. తలూపారు. గొట్టం టీచరు పెదవి మూలకు తగిలించి వెళ్లాను.

అమ్మాయి ఏడుస్తోంది. "నాన్న నన్ను చూసి నవ్వాడమ్మా," అంటోంది. అదే మాట మళ్లీ మళ్లీ. ఊరుకో తల్లీ, ఊరుకో అంటున్నాను. పక్కనుంచి డ్రిల్లు చప్పుడు వినబడుతూనే ఉంది. వినబడలేదని ఈ పుస్తకంలో అబద్ధం రాయను. వినబడింది. ఇంకొక్క ముక్క, ఇంకొక్క ముక్క అనుకుంటూ నిలబడ్డాను. ఫోన్లో తర్వాత చూసుకున్నాను. ఆరు నిమిషాలు.

నేను వెళ్లేసరికి టీచరు కుర్చీ చేతులు పట్టుకుని ఉంది. వేళ్లు తెల్లగా పాలిపోయాయి. చెవుల్లోకి కన్నీళ్లు కారి మెడ దగ్గర వేసిన గుడ్డ తడిసిపోయింది. గొంతులోంచి సన్నగా చప్పుడు వస్తోంది. ఈయన ఆవిడ మొహంలోకి చూస్తూ, చిరునవ్వు నవ్వుతూ, మెల్లగా కూనిరాగం తీస్తూ పని చేస్తున్నారు. చేయి రవ్వంత కూడా వణకడం లేదు.

తట్టలేదు. భుజం పట్టి వెనక్కి లాగేశాను.

"ఆపేశాను. తగ్గాక చెప్పండి," అన్నారు ఈయన, చేతులెత్తి.

టీచరు లేచి కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. నేను నీళ్లిచ్చాను. కాళ్ల మీద పడాలనిపించింది. ఆవిడ వెళ్తూ గుమ్మం దగ్గర నాతో మాత్రం అంది. "చెయ్యెత్తే పని లేదంటారు కదమ్మా, అందుకే ఎత్తలేదు. ఎలాగూ నన్నే చూస్తున్నారు, ఇప్పుడాపుతారు, ఇప్పుడాపుతారు అనుకున్నాను. నా మొహం చూస్తూ నవ్వుతూనే ఉన్నారు."

నాకు తల తీసేసినట్టయింది.

మార్చి 19, గురువారం

ఇంజెక్షన్ పట్టలేదు. ఒక్కోసారి పట్టదు. ఏ డాక్టరుకైనా జరుగుతుంది.

మార్చి 20, శుక్రవారం

ఇంజెక్షన్ పట్టలేదు, అంతే.

మార్చి 21, శనివారం

పట్టలేదన్నది నిజమే. పట్టలేదని ఆవిడ మొహం చెప్తూనే ఉంది కదా, ఆరు నిమిషాలు.

ఆ ఆరు నిమిషాలు నావి. ఈయనవి కావు. ఈయనకు తెలియదు. నాకు తెలుసు. ఫిబ్రవరి తొమ్మిది నుంచి నాకు తెలుసు.

అయినా ఒక్క ఆశ చావడం లేదు. బయటివాళ్ల మొహాలు పోయి ఉండొచ్చు. ముప్పై ఏళ్లు చూసిన మొహం, నాది, అది కూడా పోతుందా? రేపు ఆదివారం. క్లినిక్‌లో ఎవరూ ఉండరు.

మార్చి 22, ఆదివారం

"ఏమండీ, నాకు పన్ను నొప్పి. చూస్తారా?" అన్నాను.

ఎంత సంబరపడ్డారో. తెల్ల కోటు వేసుకొచ్చారు, చేతులు కడుక్కున్నారు, లైటు సర్దారు. కుర్చీలో పడుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఆ కుర్చీ పక్కనే నిలబడ్డాను గానీ, అందులో పడుకుని పైకి చూసి ఎన్నాళ్లైందో. సీలింగు మీద మరక ఒకటి ఉంది. పేషెంట్లందరూ అదే చూస్తుంటారన్నమాట.

"కుర్చీ చేతులు పట్టుకుని హాయిగా పడుకో. మిగతాది నేను చూసుకుంటా."

ఇంజెక్షన్ వద్దన్నాను. చిన్నదేగా అన్నాను. ఈయన ఒకప్పుడైతే ఒప్పుకునేవారు కాదు. సరే అన్నారు.

నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను. చెయ్యెత్తకూడదు. అరవకూడదు. భుజం తట్టకూడదు. మొహం మాత్రం దాచకూడదు. ఈయన ఒక్కసారి ఆపితే చాలు, ఒక్కసారి. ఆపితే రేపు క్లినిక్ తెరుస్తాను. ప్రతి పేషెంటునూ చెయ్యెత్తమంటాను, నేను అంగుళం కదలను, ఎలాగోలా నెట్టుకొస్తాను.

నొప్పి మొదలైంది. పంటి నుంచి చెవిలోకి, చెవి నుంచి కంటి వెనక్కి. నేను ఈయన కళ్లలోకే చూస్తున్నాను. మాస్కు మీద రెండు కళ్లు, అవే కళ్లు, నా మీదే ఉన్నాయి. ఆపండి అని కళ్లతో చెప్పాను. బతిమాలాను. కళ్ల నీళ్లు కారిపోతున్నాయి, మరక కనబడడం లేదు. అటునుంచి ఆ కళ్లు ఎంతో ప్రేమగా చూస్తున్నాయి. ప్రేమకేమీ లోటు లేదు. అదే నా ప్రాణం తీసింది.

కూనిరాగం మొదలైంది.

ఎంతసేపో తెలియదు. పంటి నరం తగిలినప్పుడు నా నడుము కుర్చీలోంచి లేచింది. ఈయన ఎడమ చేత్తో నా నుదురు మీది జుట్టు సవరించి, "అయిపోయింది, అయిపోయింది," అంటూ పని పూర్తి చేశారు. సిమెంటు నింపారు. పుక్కిలించమని గ్లాసు ఇచ్చారు.

"చూశావా, నొప్పే తెలీలేదు నీకు. మొదట్నుంచీ చివరిదాకా నవ్వుతూనే ఉన్నావు."

"అవునండీ," అన్నాను.

మార్చి 23, సోమవారం

క్లినిక్ మూసేశాను. అపాయింట్‌మెంట్లు ఉన్న పేషెంట్లందరికీ ఫోన్లు చేశాను. డాక్టరుగారికి ఒంట్లో బాగాలేదన్నాను. లెక్కల టీచరుకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ అంతా వింది. తర్వాత, "మీరెలా ఉన్నారమ్మా?" అంది. ఆవిడ అలా అడిగి ఉండకూడదు. తిట్టి ఉంటే భరించేదాన్ని.

డాక్టరమ్మకు ఫోన్ చేసి నా అబద్ధం ఒప్పుకున్నాను. సాయంత్రం అమ్మాయికి చెప్పాను. అన్నీ చెప్పాను, కార్డుల దగ్గర నుంచి. "అంటే నాన్న నన్ను చూసి నవ్వలేదా అమ్మా?" అంది. లేదే తల్లీ, నువ్వు నవ్వుతున్నావని నవ్వారు అన్నాను. ఇద్దరం ఏడ్చాం. శనివారం వస్తానంది.

ఈయనకు చెప్పాను, ఇక క్లినిక్ లేదని. "అలాగే," అన్నారు.

మార్చి 24, మంగళవారం

తొమ్మిదిన్నరకు తెల్ల కోటు వేసుకుని క్లినిక్ తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నారు. ఒంటిగంటదాకా కూర్చున్నారు.

మార్చి 25, బుధవారం

కూర్చున్నారు.

మార్చి 26, గురువారం

కూర్చున్నారు. "ఇవాళ ఎవరూ నవ్వడం లేదేంటోయ్?" అన్నారు. మూసిన తలుపును చూపించి.

మార్చి 27, శుక్రవారం

ఆదివారం నింపిన పన్ను రాత్రి నుంచి పోట్లు పొడుస్తోంది. ఈయన పనిలో లోపం లేదు. కుళ్లు లోతుగా ఉంది. పక్క వీధిలో కుర్ర డాక్టరు దగ్గరికి దొంగలా వెళ్లాను. పడుకోగానే, "నొప్పేస్తే ఎడమ చెయ్యెత్తండి ఆంటీ," అన్నాడు. ఎత్తాను. ఆపాడు. మళ్లీ ఎత్తాను. మళ్లీ ఆపాడు. నొప్పి లేకపోయినా రెండుసార్లు ఎత్తాను, ఆపుతాడా లేదా అని. ఆపాడు.

మార్చి 29, ఆదివారం

అమ్మాయి నిన్న వచ్చింది. వాళ్ల నాన్నను చూసి కావాలని పళ్లన్నీ కనబడేలా నవ్వింది. ఈయన కూడా నవ్వారు. ఈ విద్య దానికి ఎవరూ నేర్పలేదు. చూడలేక నేను పెరట్లోకి వెళ్లిపోయాను.

సాయంత్రం వెళ్తూ, "నువ్వు రోజంతా అలా నవ్వుతూ ఎలా ఉంటావమ్మా?" అంది. పంటి బిగువున అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ కాసేపూ నిజంగానే.

ఏప్రిల్ 2, గురువారం

నవ్వి నవ్వి దవడలు లాగుతున్నాయి. నవ్వు ఆపితే ఈయనకు నేను గోడతో సమానం. ఇలా ఎన్నేళ్లు?

ఏప్రిల్ 5, ఆదివారం

ఇవాళ మధ్యాహ్నం నా వల్ల కాలేదు. ఈయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని చెంచాలన్నీ వరసగా పేర్చి గుడ్డతో తుడుస్తున్నారు, క్లినిక్‌లో సామాను తుడిచినట్టే, చిన్నవి ఒక పక్క, పెద్దవి ఒక పక్క. నేను ఎదురుగా కూర్చుని ఉన్నదాన్ని ఉన్నట్టే ఏడ్చేశాను. చప్పుడు బయటికి రానివ్వలేదు. ఈయన తలెత్తి చూశారు. సంతోషంగా తలూపి మళ్లీ చెంచాల్లో పడ్డారు.

లేచి బయటికి పోదామనుకున్నాను. ఈ మనిషిని వదిలేసి ఎటైనా పోదామనుకున్నాను. అదీ రాస్తున్నాను, అనుకున్నాను కాబట్టి. బల్ల చుట్టూ తిరిగి వెళ్తూ ఈయన ఎడమ పక్కకు వచ్చాను. ముప్పై ఏళ్లు నిలబడ్డ చోటు. చేయి దానంతటదే లేచింది. వేలితో భుజం మీద ఒక్కసారి తట్టాను.

రెండు చేతులూ గాల్లోకి లేచాయి. చెంచా బల్ల మీద పడింది.

"ఆపేశాను. తగ్గాక చెప్పండి."

నన్ను చూసి కాదు. నాకు తెలుసు. వేలు తగిలితే చేతులు లేచాయి, నోటికి అలవాటైన మాట వచ్చింది, అంతే. ఎదురుగా ఎవరూ లేరు. అయినా చేతులు దించలేదు. ఎవరికో నొప్పేస్తోందని మాత్రం తెలుసు ఈయనకు. ఆ ఎవరో తగ్గిందనేదాకా పని ముట్టుకోకూడదనీ తెలుసు.

నేను పక్క కుర్చీలో కూలబడి, తల ఈయన భుజానికి ఆనించి, ఫిబ్రవరి నుంచి దాచుకున్నదంతా గొంతెత్తి ఏడ్చాను. అమ్మాయి కోసం, టీచరు కోసం, ఈయన కోసం, నా కోసం. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఆ చేతులు అలా గాల్లోనే ఉన్నాయి. మోచేతులు వణకడం మొదలైంది. ఈ చేతులు వణకడం నేను మొదటిసారి చూశాను. అయినా దించలేదు.

చివరికి కళ్లు తుడుచుకుని, "తగ్గిందండీ," అన్నాను.

అప్పుడు దించారు.